హిరోషిమా మేయరు షింజో హమాయి

ధ్యానభాగము: యిర్మీయా 29:4-7



చెరపట్టబడి బబులోనునకు కొనిపోబడిన యూదులకు యిర్మీయా ప్రవక్త వ్రాసిన ఉత్తరమును మన సంఘములలో అనేక పర్యాయములు చదివియున్నాము. ఆ ఉత్తరములో ప్రవక్త వారిని తిరుగుబాటునకు పురికొల్పలేదు. ఏడ్చుచు కూర్చుండుమనియు చెప్పలేదు. ఇండ్లు కట్టుకొని, తోటలు వేసికొని, తామున్న పట్టణపు మేలును వెదకవలెనని వ్రాసెను. సర్వము పోగొట్టుకొనిన జనులకు ఇట్టి సలహా చిన్నదిగా తోచియుండవచ్చును. అయినను ప్రవక్త దానినే ముందుగా చెప్పెను.

సమాధానమును గూర్చి మాటలాడునప్పుడు మనము సామాన్యముగా ప్రధానులను, సేనాధిపతులను, గొప్ప దేశములను తలంచుకొందుము. ఆయుధములు వారి వశమున నున్నవి గనుక వాటిని దించుటయు వారి పనియేయని ఊరకుందుము. కాని బాంబు పడునది ఎక్కడ? అది దేశపటము మీద పడదు. ఒక ఊరి మీద, దాని బడుల మీద, అంగళ్ల మీద, మంచినీటి గొట్టముల మీద పడును. అట్లయిన ఆ ఊరికి మాటలాడు హక్కు లేదా? ఈ ప్రశ్నకు తన జీవితకాలమంతయు జవాబు వెదకిన ఒక ఊరిపెద్దను గూర్చి ఈ నెల వ్రాయ తలచితిమి. ఆయనకు సైన్యము లేదు, రాయబారులు లేరు, చాలకాలము ఖజానాలో డబ్బును లేదు. ఆయన జపాను దేశములోని హిరోషిమా పట్టణమునకు మేయరుగా నుండిన షింజో హమాయి.

సైనికుల పట్టణము

హిరోషిమా ఓటా నది పాయలుగా చీలి సముద్రములో కలియుచోట కట్టబడిన పట్టణము. నేడు దాని పేరు వినినంతనే శాంతి జ్ఞాపకము వచ్చును గాని పూర్వమట్లు కాదు. అది సైనికుల పట్టణము. 1894లో చైనాతో యుద్ధము ఆరంభమైనప్పుడు జపాను చక్రవర్తి అక్కడికే వచ్చి యుద్ధ కార్యాలయమును నెలకొల్పెను. అక్కడి ఉజినా రేవునుండి లక్షలాది సైనికులు ఓడలెక్కి పరదేశములకు పోయిరి. సేనల మైదానములు, ఆయుధశాలలు, బట్టల గిడ్డంగులు ఊరి నడుమనే యుండెను. సైన్యమువలన వ్యాపారము పెరిగెను. సైన్యము ఊరికి అన్నము పెట్టుచున్నదని ప్రజలు గర్వించుచుండిరి.

అట్టి పట్టణములో 1905లో హమాయి జన్మించెను. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయములో చదువు ముగించి, స్వస్థలమునకు తిరిగి వచ్చి, నగరసభ కార్యాలయములో ఉద్యోగియయ్యెను. యుద్ధకాలములో ఆయన రేషను శాఖకు అధికారి. ఇన్ని ఇండ్లకు ఇంత బియ్యము, ఇన్ని బట్టలు అని లెక్కవేసి పంచుటయే ఆయన పని. పేరు ప్రతిష్ఠలు తెచ్చు పని కాదది.

అప్పటి మేయరు సెన్‌కిచి అవాయా. ఈయన క్రైస్తవుడు, కాంజో ఉచిమురా బోధవలన విశ్వాసములోనికి వచ్చినవారిలో ఒకడు. 1933లో ఈయన ఒసాకా ప్రాంతమునకు పోలీసు అధిపతిగా నుండగా ఒక సైనికుడు ఎర్రదీపమును లెక్కచేయక వీధి దాటెను. పోలీసువాడు అడ్డగించినందుకు సైన్యాధికారులు తమ గౌరవమునకు భంగము కలిగెనని పెద్ద తగవు చేసిరి. చట్టము సైనికునికిని చట్టమేయని అవాయా నిలిచెను. సైన్యమునకు దేశమంతయు వణకుచుండిన ఆ దినములలో అది చిన్న ధైర్యము కాదు.

1945 ఆగస్టు 6

ఆ ఉదయము 8 గంటల 15 నిమిషములకు అమెరికా విమానమొకటి హిరోషిమా మీద అణుబాంబును వేసెను. మేయరు అవాయా తన నివాసములోనే, కుమారునితోను మనుమరాలితోను మరణించెను. మంటలు వ్యాపింపకుండ ఇండ్లు పడగొట్టుటకై బడులనుండి వీధులలోనికి తీసికొనిరాబడిన పిల్లలు వేలకొలది చనిపోయిరి. ఆ సంవత్సరాంతమునకు మృతుల సంఖ్య సుమారు 1,40,000 అని నగరసభ అంచనా వేసినది.

హమాయి ప్రాణముతో మిగిలెను. మేయరు లేడు, సహోద్యోగులలో అనేకులు లేరు, కార్యాలయము కాలిపోయెను. అయినను బ్రతికినవారికి ఆకలి యున్నది. రేషను అధికారి పని ముగియలేదు. చుట్టుపట్ల గ్రామములవారు అన్నము వండి ముద్దలుగా కట్టి పంపిరి. వాటిని క్షతగాత్రులకు పంచు ఏర్పాటు చూచుట హమాయి శాఖ మీద పడెను. పట్టణము కాలినప్పుడు దానికి మొదట అన్నము పెట్టినది పల్లెలేయని పల్లె సంఘములవారమైన మనము గమనింపదగును.

కష్టములు అంతటితో తీరలేదు. సెప్టెంబరు 17న పెనుతుపాను వచ్చి ఆ జిల్లాలో సుమారు 2,000 మందిని బలిగొనెను. అణుబాంబునకు నిలిచిన వంతెనలు కొన్ని వరదలో కొట్టుకొనిపోయెను. ఆ నేలమీద 75 సంవత్సరములు గడ్డియైనను మొలవదని వదంతి పుట్టెను. ఊరిని విడిచి వేరొకచోట కట్టుకొనుటయే మేలని తలంచినవారు లేకపోలేదు. కాని ఆ శరత్కాలములోనే బూడిదలోనుండి పచ్చని మొలకలు కనబడెను. జనులు రేకులు, కాలిన కర్రలు ఏరుకొని గుడిసెలు వేసికొనసాగిరి.

మేయరు పదవి

1947 ఏప్రిలులో జపానులో మొదటిసారి ప్రజలే మేయర్లను ఎన్నుకొనిరి. హిరోషిమావారు 41 ఏండ్ల హమాయిని ఎన్నుకొనిరి. ఆ సంవత్సరము ఆగస్టు 6న ఆయన శాంతి ఉత్సవమును జరిపించి, గంట మ్రోగించి, శాంతి ప్రకటనను చదివెను. ఇక అణుయుద్ధము వచ్చినయెడల అది మానవజాతికే అంతమగుననియు, మనుష్యుల తలంపులే మారవలెననియు అందులోని భావము.

ఆ మొదటి ఉత్సవమునకు పొగడ్తకంటె నింద తక్కువ కాలేదు. పాటలు, ఆటలు, ఊరేగింపులు కూడ ఉండుటచేత బంధువులను పోగొట్టుకొనినవారు నొచ్చుకొనిరి. మృతుల దినమున సంబరమేమని అడిగిరి. వారి మాట న్యాయమే. తరువాతి సంవత్సరములలో సంబరము తగ్గి, మౌనము, ప్రార్థన, ప్రకటన మిగిలెను. 1950లో కొరియా యుద్ధము మొదలుకాగా దేశమునేలుచుండిన విదేశ సైన్యపు అధికారులు ఆ కూటమును జరుగనీయలేదు. ఆ యేడు తప్ప ఆగస్టు 6 నాటి జ్ఞాపక కూటము ఈనాటివరకు మానలేదు.

అయితే ప్రకటనలవలన ఇండ్లు లేవవు. పన్ను కట్టువారు లేక నగరసభ బీదదై యుండెను. హమాయి మాటిమాటికి టోక్యోకు పోయి మంత్రుల గడపలు త్రొక్కెను. యుద్ధములో కాలిన పట్టణములు నూటికి పైగా నుండగా మీకొక్కరికే ప్రత్యేక సహాయము ఎట్లు చేయుదుమని వారి జవాబు. అప్పుడాయనయు ఆయన సహాయకులును వేరొక మార్గము పట్టిరి. హిరోషిమాను కేవలము పాత రూపున కట్టుట కాక, శాంతికి జ్ఞాపకార్థమైన పట్టణముగా కట్టుటకు ప్రత్యేక చట్టము కావలెనని కోరిరి. 1949 మేలో జపాను పార్లమెంటు ఆ చట్టమును అంగీకరించెను. ఒక్క ఊరికి మాత్రమే చెందు చట్టమునకు ఆ ఊరివారి సమ్మతి కావలెనని ఆ దేశపు రాజ్యాంగము విధించుచున్నది. గనుక జూలై 7న ఓటు పెట్టిరి. ఓటు వేసినవారిలో నూటికి 90 మందికి మించి ఔననిరి. ఆగస్టు 6న చట్టము అమలులోనికి వచ్చెను.

ఆ చట్టమువలన కలిగిన ముఖ్యమైన మేలు ఏదనగా, పూర్వము సైన్యమునకు చెందిన ప్రభుత్వ భూములను నగరసభకు ఉచితముగా ఇచ్చుటకు వీలయ్యెను. సేనలు కవాతు చేసిన నేలలు ఉద్యానవనములును, బడులును, ప్రజల ఉపయోగార్థమైన స్థలములును కాజొచ్చెను. ఖడ్గములు నాగటి నక్కులగునని యెషయా చూచిన దర్శనమును మనము దూరమున నున్న దినములకు విడిచిపెట్టుచుందుము. ఇక్కడ ఒక నగరసభ దస్తావేజులతోను కొలత గొలుసులతోను దానిలో ఒక చిన్న పాలును నెరవేర్చుకొనెను.

ఎదురైన నిందలు

శాంతి వనమునకు నమూనాను పోటీ పెట్టి ఎన్నుకొనిరి. కెంజో టాంగే అను యువ శిల్పి నమూనా గెలిచెను. నది పాయల నడుమ, ఒకప్పుడు ఇండ్లతోను అంగళ్లతోను కిటకిటలాడిన నకాజిమా ప్రాంతములో ఆ వనమును వేసిరి. ఊరికి అడ్డముగా 100 మీటర్ల వెడల్పుగల బాటను కూడ తీసిరి. మంటలు ఒక వైపునుండి మరియొక వైపునకు దాటకుండుటకును, ఆపదలో జనులు పారిపోవుటకును అది పనికివచ్చునని హమాయి తలంపు.

కాని గుడిసెలలో నున్న ప్రజలకు అది రుచింపలేదు. తల దాచుకొనుటకు చోటు లేని ఊరిలో ఇంత బాట ఎవరికని గొణిగిరి. వనము కొరకు లేపివేయబడినవారు కన్నీరు విడిచిరి. బాంబు రోగముతో మంచము పట్టినవారి బాధ అంతకంటె గొప్పది. రాతి కట్టడములకు ధనము దొరికినప్పుడు రోగులకు ఎందుకు దొరకదని వారడిగిరి. వారి వైద్యమునకై ప్రభుత్వము చట్టము చేసినది 1957లో. అనగా బాంబు పడిన 12 సంవత్సరములకు. ఈ నడిమి కాలములో వారికి చేయి అందించినవారిలో నగరేకావ సంఘ కాపరి కియోషి టనిమోటో ఒకరు. ముఖములు, చేతులు కాలి వికృతమైన 25 మంది యువతులకు 1955లో అమెరికాలో శస్త్రచికిత్స చేయించుటకు ఆయన పాటుపడెను. అక్కడి క్వేకరు కుటుంబములు అనేకము వారిని తమ ఇండ్లలో చేర్చుకొనెను. బాంబు వేసిన దేశములోని గృహములే వారికి తలుపు తెరచుట మరువదగినది కాదు.

1955 ఎన్నికలలో హమాయికి ఎదురుగా నిలిచిన తడావో వటనాబె ఆ వెడల్పు బాటను సగమునకు తగ్గించి ఇండ్లు కట్టింతునని చెప్పి గెలిచెను. హమాయి ఓడిపోయెను. అయితే పదవిలోనికి వచ్చిన పిమ్మట వటనాబె బాటను తగ్గింపలేదు. దానికి ఇరుప్రక్కల నాటుటకు చెట్లు ఇయ్యుడని జిల్లాలోని గ్రామములను అడుగగా వారు వేలకొలది చెట్లను పంపిరి. ఎండకు మాడిన బాట నీడనిచ్చు బాటయయ్యెను. ఒకని తలంపును మరియొకడు పూర్తిచేసెను. 1959లో ప్రజలు హమాయిని మరల ఎన్నుకొనగా 1967 వరకు ఆయన మేయరుగా నుండెను.

రాతిమీది మాట

1952 ఆగస్టు 6న మృతుల జ్ఞాపకార్థమైన కట్టడమును హమాయి తెరపించెను. పూర్వకాలపు ఇంటి కప్పు ఆకారములో నున్న ఆ కమాను క్రింద రాతిపెట్టెలో మృతుల పేర్ల పుస్తకము లుంచబడినవి. ప్రతి సంవత్సరము క్రొత్త పేర్లు చేర్చుచు రాగా నేడు అవి 3,40,000 దాటినవి. ఆ రాతిమీద హిరోషిమా విశ్వవిద్యాలయ ఆచార్యుడు తడయోషి సైకా ఒక చిన్న వాక్యము వ్రాసెను. మృతులు నెమ్మదిగా విశ్రమించునట్లు కోరుచు, ఆ తప్పిదము మరల జరుగనీయమని మాట ఇయ్యబడినది. ఎవరి తప్పిదమో ఆ వాక్యములో లేదు.

ఆ సంవత్సరము నవంబరులో మన భారతీయుడైన న్యాయమూర్తి రాధావినోద్ పాల్ హిరోషిమాకు వచ్చెను. టోక్యో యుద్ధ విచారణలో ఇతర న్యాయమూర్తులతో ఏకీభవింపక వేరుగా తీర్పు వ్రాసినవాడాయన. బాంబు వేసినవారు జపానువారు కానప్పుడు తప్పిదమును వారెందుకు ఒప్పుకొనవలెనని ఆయన ఆక్షేపించెను. దేశమంతట వాదములు లేచెను. హమాయి మాత్రము ఆ రాతిని మార్పింపలేదు. దాని ముందు నిలుచు ప్రతి మనుష్యుడును, ఏ దేశమువాడైనను, మానవులందరి పక్షముగా ఆ మాట ఇయ్యవలెనని ఆయన వివరించెను.

ఇందులో ఎవరిది న్యాయము? పాల్ గారి ప్రశ్న న్యాయాధిపతి ప్రశ్న. నేరము ఎవరిదో తేలక తీర్పు లేదు. హమాయి జవాబు ఊరిపెద్ద జవాబు. నేరము ఎవరిదైనను రేపటి పిల్లలు కాలిపోరాదు. మొదటిదానిని త్రోసివేయ సాహసింపము. కాని పగను పిల్లలకు ఆస్తిగా వ్రాసి ఇయ్యని ఊరు ఒకటి యుండుట లోకమునకు మేలని మా తలంపు.

అయినను ఆ పట్టణపు వెలితిని దాచుట సత్యము కాదు. బాంబువలన చనిపోయినవారిలో అక్కడికి పనికి తీసికొని రాబడిన కొరియావారు వేలాదిగా నుండిరి. వారి జ్ఞాపక స్తంభము 1970లో వనమునకు వెలుపల నిలువబడి, 1999లో గాని లోపలికి రాలేదు. జపాను సేనలు ఆసియా జనులకు చేసిన కీడునకై హిరోషిమా మేయరు తన శాంతి ప్రకటనలో క్షమాపణ చెప్పినది 1991లో. తన గాయమును చూపుట సులభము. తనవారు చేసిన గాయమును చూచుట కష్టము.

శిథిల గోపురము

బాంబు ప్రేలిన చోటునకు సుమారు 160 మీటర్ల దూరములో ఒక భవనముండెను. చెక్ దేశస్థుడైన యాన్ లెట్సెల్ దానిని 1915లో కట్టెను. గోడలు కొన్ని, గోపురపు ఇనుప కమ్ములు మాత్రము మిగిలెను. దానిని చూచిన ప్రతిసారి గుండె పగులుచున్నది, పడగొట్టుడని కొందరు, ఉంచుడని కొందరు. హమాయి మొదట ఉంచుటకు ఇష్టపడలేదు. దానిని నిలుపుటకు వ్యయము మిక్కుటమనియు, ఆ ధనము బ్రతికినవారికి కావలెననియు ఆయన తలంచెను.

ఆయన మనస్సును త్రిప్పుటకు దారి తీసినవారు పెద్దలు కారు. పసితనములో బాంబునకు గురియైన ఒక బాలిక 1960లో రక్త క్యాన్సరుతో 16వ యేట చనిపోయెను. ఆ శిథిలమే లోకమునకు ఈ భయంకరమును చెప్పుచుండునని ఆమె తన దినచర్య పుస్తకములో వ్రాసికొనియుండెను. అది చదివిన బాలబాలికలు వీధులలో సంతకములు ప్రోగుచేయ మొదలిడిరి. సంవత్సరములు పట్టినది గాని 1966 జూలైలో నగరసభ ఆ గోపురమును ఎల్లకాలము నిలుపవలెనని తీర్మానించెను. కావలసిన ధనము 4 కోట్ల యెన్‌లు. వద్దనిన హమాయియే ఇప్పుడు చందాలకు బయలుదేరి టోక్యో వీధిలో నిలిచి బాటసారులను యాచించెను. జపానునుండియు పరదేశములనుండియు 6 కోట్ల 60 లక్షల యెన్‌లకు పైగా వచ్చెను. 1967లో మరమ్మతు ముగిసెను.

అదే సంవత్సరము ఆయన పదవిని విడిచెను. 1968 ఫిబ్రవరిలో, తన 62వ యేట, కన్నుమూసెను. ఆ గోపురము 1996లో ప్రపంచ వారసత్వ స్థలముగా ఎంచబడినది.

ఒక ఊరినుండి అనేక ఊళ్లకు

హమాయి చదివిన ప్రకటన ఆయనతో ఆగలేదు. 1968 నుండి ఏ దేశము అణుపరీక్ష చేసినను హిరోషిమా మేయరు ఆ దేశమునకు ఆక్షేపణ పంపుచు వచ్చెను. 1982లో ఐక్యరాజ్యసమితి నిరాయుధీకరణ సభలో మేయరు తకేషి అరాకి నిలిచి, లోకములోని పట్టణములు సరిహద్దులు దాటి చేతులు కలుపవలెనని పిలుపునిచ్చెను. హిరోషిమా, నాగసాకి పట్టణములు ముందు నడువగా శాంతి కొరకైన మేయర్ల కూటమి ఏర్పడినది. నేడు అందులో 160కి పైగా దేశములలోని 8,000కు మించిన పట్టణములు చేరియున్నవి. అణ్వాయుధములను నిషేధించు ఒడంబడిక 2021 జనవరిలో అమలులోనికి వచ్చెను. బాంబు బాధితుల సంఘమైన నిహోన్ హిదాంక్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమానము లభించెను.

అయిన ఆయుధములు పోయినవా? పోలేదు. లోకములో ఇంకను సుమారు 12,000 అణ్వాయుధములున్నవి. వాటిని కలిగియున్న దేశములలో ఒక్కటియు ఆ ఒడంబడికపై సంతకము చేయలేదు; వాటిలో మన దేశమును ఉన్నది. ఏ మేయరును ఒక్క బాంబునైనను విప్పజాలడు. అట్లయిన హమాయి చేసినది వ్యర్థమా?

మేమట్లు తలంపము. యోనా గ్రంథము చివర నీనెవె పట్టణము మీద దేవుడు జాలిపడిన కారణమును చూడుడి. ఆ పట్టణములో 1,20,000 కంటె ఎక్కువ మంది ఎరుగనివారును, పశువులును ఉన్నందున ఆయన దానిని విడిచిపెట్టెను. ప్రవక్త కంటికి శత్రువుల ఊరుగా కనబడినది దేవుని కంటికి పిల్లలును పశువులును గల ఊరుగా కనబడెను. హిరోషిమా 1947 నుండి లోకమునకు చూపుచున్నది ఇదియే. బాంబు గురిలో నున్నది శత్రువు కాదు, ఒక ఊరు. ఈ చూపు మారనంతకాలము ఆయుధములు తగ్గవు. మారినయెడల అవి నిలువలేవు.

మన తెలుగులో సమాధానమను మాటకు శాంతియని అర్థము, జవాబనియు అర్థము. అణుబాంబునకు హమాయి ఇచ్చిన సమాధానము మరియొక బాంబు కాదు. అన్నపు ముద్దలు, వెడల్పు బాట, చెట్ల నీడ, పేర్ల పుస్తకము, పడిపోనీయని ఒక గోడ. మనము గొప్ప పట్టణములవారము కాము. అయినను ప్రతి పల్లెలోను పాత తగవులున్నవి, తాతల నాటి పగలున్నవి, ఆ వీధివారు ఈ వీధివారు అను భేదములున్నవి. వాటిని పిల్లలకు అప్పగింతుమో, మనతోనే ముగింతుమో మన చేతిలోనున్నది. మనము నివసించు ఊరి మేలును వెదకుట అక్కడనే ఆరంభమగును.